12 ఎం.ఎం. రాడ్డు నిజంగా 12 ఎం.ఎం. ఉందా?

ఇల్లు కట్టించేవాళ్లకీ, రాడ్లు వంచే మేస్త్రులకీ, సివిల్ డిప్లొమా చదివే పిల్లలకీ ఉమ్మడిగా తెలిసిన అంకె ఒకటుంది. అది 162. రాడ్డు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు రాడ్డు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం. రాడ్డు అయితే 12ను 12తో గుణిస్తే 144. దాన్ని 162తో భాగిస్తే 0.888. అంటే మీటరుకు 888 గ్రాములు, పన్నెండు మీటర్ల నిండు రాడ్డుకు 10.66 కిలోలు. ఇప్పుడైతే ఈ గుణకారం కూడా మనం చెయ్యనక్కర్లేదు. వ్యాసం నొక్కితే మూడు దశాంశాల దాకా బరువు చూపించే యాప్‌లు ఫోన్లలో ఉన్నాయి.

ఈ లెక్క తప్పని నేను అనడం లేదు. దాన్ని వాడుతున్న దిశ సరిగా లేదంటున్నాను. వ్యాసం మనకు తెలుసనుకుని బరువు కడుతున్నాం. కానీ కొట్టు ముందు దింపిన రాడ్డు విషయంలో మనకు నిజంగా తెలియనిది వ్యాసమే. అక్కడికక్కడ తెలుసుకోగలిగింది బరువు. కాబట్టి రాడ్డును తూచి, ఆ తూకం నుంచి వ్యాసానికి రావాలి. మామూలు మనిషి తన ఇంటి స్టీలు మీద సొంతంగా చేయగలిగిన పరీక్షల్లో దీనికన్నా చవకైనది నాకు కనబడలేదు. అయినా చేసేవాళ్లు చాలా తక్కువ.

ముందు 162 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మీటరు పొడవున్న గుండ్రటి రాడ్డు ఒక సన్నని స్తూపం. తొమ్మిదో తరగతిలో చదువుకున్నదే. అడ్డంగా కోస్తే కనబడే వైశాల్యం కావాలంటే వ్యాసం వర్గాన్ని పైలో నాలుగో వంతుతో, అంటే 0.7854తో గుణించాలి. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు. ఈ రెండింటినీ గుణించి, చదరపు మిల్లీమీటర్లను చదరపు మీటర్లలోకి తేవడానికి పది లక్షలతో భాగిస్తే 0.006165 వస్తుంది. దీన్ని తలకిందులు చేస్తే 162.2. పై లెక్కలోనూ, ఉక్కు సాంద్రతలోనూ 785 అంకెలే కనబడటం ఉత్త కాకతాళీయం. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. అడుగుల్లో లెక్క కావాలంటే 162 బదులు 532తో భాగించాలి.

కొన్నిచోట్ల 162.28 అని రాస్తారు. 162 సరైనదా, 162.28 సరైనదా అని విద్యార్థులు వాదించుకోవడం కూడా ఉంది. ఆ రెండింటికీ తేడా శాతంలో ఐదో వంతు కూడా లేదు. రాడ్డు బరువులో మన జాతీయ ప్రమాణమే అనుమతించే హెచ్చుతగ్గులు 3 నుంచి 8 శాతం దాకా ఉన్నాయి. ఆ మాటకొస్తే, వాడుకలో '40 అడుగుల రాడ్డు' అని పిలిచే పన్నెండు మీటర్ల రాడ్డు నిజానికి 39 అడుగుల నాలుగున్నర అంగుళాలే. అక్కడే ఒకటిన్నర శాతం పైగా పోయింది. దశాంశాల మీద పెట్టే శ్రద్ధ టేపు మీద, కాటా మీద పెడితే ఎంతో బాగుంటుంది.

రాడ్డు వ్యాసం తెలియదని ఎందుకు అంటున్నానంటే, దాన్ని నేరుగా కొలిచే వీలు లేదు. ఒకప్పటి నున్నటి గుండ్రటి రాడ్లకు వెర్నియర్ పెడితే సరిపోయేది. తర్వాత మెలితిప్పిన టార్ స్టీలు వచ్చింది, ఇప్పుడు టీఎంటీ. కాంక్రీటు గట్టిగా పట్టుకోవడానికి వీటి ఒంటి నిండా గట్లు ఉంటాయి. పొడవునా రెండు గట్లు, వాటి మధ్య ఏటవాలుగా చిన్న చిన్న గట్లు. వెర్నియర్ గట్టు మీద పెడితే ఒక కొలత, గట్ల మధ్య పెడితే ఇంకో కొలత. ఒకటి 12 కన్నా ఎక్కువ, ఒకటి తక్కువ. ఏది నిజం? రెండూ కాదు.

ఈ చిక్కును మన ప్రమాణం ఐఎస్ 1786 తెలివిగా విప్పింది. దాని ప్రకారం '12 ఎం.ఎం. రాడ్డు' అంటే, మీటరుకు ఎంత బరువుంటుందో అంతే బరువున్న నున్నటి గుండ్రటి రాడ్డు వ్యాసం 12 మిల్లీమీటర్లు అని అర్థం. మరో మాటలో చెప్పాలంటే, గట్లున్న రాడ్డుకు వ్యాసం అనేది కొలత పేరుతో చలామణి అవుతున్న బరువు. కోత వైశాల్యం కూడా అలాగే తేల్చాలని అదే ప్రమాణం చెబుతుంది. అర మీటరుకు తగ్గని ముక్కను తీసుకుని, పొడవు కొలిచి, తూచి, బరువును పొడవుతోనూ 0.00785తోనూ భాగించాలి. వచ్చేది చదరపు మిల్లీమీటర్లలో వైశాల్యం. ప్రయోగశాలలో లాగి తెంపే పరీక్షకు ముందు చేసే పని ఇదే. దీనికి ప్రత్యేకమైన యంత్రం ఏదీ అక్కర్లేదు.

ఇక్కడ వర్గం చేసే మాయ ఒకటి గమనించాలి. 12 ఎం.ఎం. అని అమ్మిన రాడ్డు నిజంగా 11.5 ఉందనుకుందాం. అర మిల్లీమీటరు తేడాను కంటితో ఎవరూ పట్టలేరు. వ్యాసంలో తగ్గింది 4 శాతమే. కానీ బరువు వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, మీటరుకు 888 గ్రాములు ఉండాల్సింది 815 గ్రాములే ఉంటుంది. 8 శాతం తగ్గింది. బలమూ అంతే తగ్గుతుంది. ఎఫ్‌ఈ 500 గ్రేడు 12 ఎం.ఎం. రాడ్డు సాగిపోవడం మొదలుపెట్టకుండా సుమారు 5.8 టన్నుల లాగుడును తట్టుకోవాలి. అదే గ్రేడు 11.5 రాడ్డు 5.3 టన్నుల దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. కంటికి ఆనని అర మిల్లీమీటరు అరటన్ను లాగుడును తినేసింది. తూకంలో మాత్రం అది 73 గ్రాముల తేడాగా స్పష్టంగా కనబడుతుంది. కిరాణా కొట్టు కాటా కూడా దాన్ని పట్టేస్తుంది.

ప్రమాణం ఎంత తేడాను ఒప్పుకుంటుందో కూడా తెలుసుకోవాలి. లేకపోతే ప్రతి చిన్న తేడాకూ కొట్టువాళ్లతో గొడవ పడతాం. 10 ఎం.ఎం., అంతకన్నా సన్నని రాడ్లలో విడి ముక్క బరువు 8 శాతం దాకా తగ్గవచ్చు. 12, 16 ఎం.ఎం. రాడ్లలో 6 శాతం, 20 ఎం.ఎం., ఆపైన 4 శాతం. అయితే ఇది విడి ముక్కకు ఇచ్చిన మినహాయింపు. ఒక బ్యాచ్ మొత్తానికి ఇచ్చింది ఇంతకన్నా తక్కువ, అది వరుసగా 7, 5, 3 శాతం. దీని అర్థం చాలామందికి తట్టదు. ఎనిమిది ఎం.ఎం. రాడ్లు పది తూచారనుకోండి. పదీ ఏడున్నర శాతం తక్కువ వచ్చాయి. విడివిడిగా చూస్తే ప్రతి ముక్కా పాసే. కలిపి చూస్తే బ్యాచ్ ఫెయిల్. ఏ కొలతలోనైనా సహజంగా ఉండే చెదురు అటూ ఇటూ ఉంటుంది, కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. అన్నీ ఒకే వైపు ఒరిగితే దాన్ని చెదురు అనలేం.

అలా ఒకే వైపు ఎందుకు ఒరుగుతాయి? కొంత యంత్రాల స్వభావం. ఎర్రగా కాలిన ఉక్కును గాడి ఉన్న రోలర్ల మధ్య నుంచి నడిపించి రాడ్డు చేస్తారు. కొత్త గాడిలో రాడ్డు సన్నగా వస్తుంది. గాడి అరిగే కొద్దీ లావెక్కుతుంది. అందుకని సన్నని వైపు మొదలుపెట్టి, అరిగే దాకా నడపడం మిల్లుకు లాభసాటి. ఇందులో మోసమేమీ లేదు, ప్రమాణం గీసిన గీతల మధ్య ఉన్నంతవరకు. కానీ రెండో కారణం బజారులో ఉంది, అది ఇంతకన్నా ముఖ్యమైనది.

బజారులో రాడ్డును లెక్కగట్టే పద్ధతి ఒకటి కాదు. కొన్ని కొట్లలో కిలోల లెక్క, కాటా వేసి ఇస్తారు. కొన్నిచోట్ల రాడ్డుకు ఇంత అని లెక్కపెట్టి ఇస్తారు. కాంట్రాక్టు పనుల్లో వేసిన రాడ్ల పొడవు కొలిచి, 162 సూత్రంతో బరువు కట్టి, ఆ బరువుకు డబ్బు చెల్లిస్తారు. ఇప్పుడు రాడ్డు 5 శాతం తేలిక అనుకుందాం. టన్నుకు మామూలుగా 94 పన్నెండు మీటర్ల రాడ్లు రావాల్సిన చోట 99 వస్తాయి. రాడ్ల లెక్కన కొన్నవాడు మోసపోయాడు, ఇది అందరికీ అర్థమయ్యేదే. సూత్రం లెక్కన బిల్లు పెట్టే కాంట్రాక్టరు టన్నుకు డబ్బిచ్చి కొని, దాదాపు టన్నూ 50 కిలోలకు బిల్లు పెడతాడు. అతనికి తేలిక రాడ్డే ఇష్టం.

మిగిలింది కిలోల లెక్కన కొన్నవాడు. 'నేను తూకం వేయించి కొన్నాను, నాకేం నష్టం? పైగా ఐదు రాడ్లు ఎక్కువొచ్చాయి' అంటాడు. వ్యాపారులు కూడా గట్టిగా చెప్పే మాట ఇదే. డబ్బు వరకు అది నిజమే. కానీ పిల్లరులో రాడ్లను కిలోల లెక్కన వెయ్యరు. డ్రాయింగులో '12 ఎం.ఎం. రాడ్లు ఆరు' అని ఉంటుంది, మేస్త్రి ఆరు లెక్కపెట్టి కడతాడు. స్లాబులో అడుగుకు ఇన్ని అని ఎడం చూసి పరుస్తాడు. తేలిక రాడ్డు వచ్చిందని ఏ మేస్త్రీ ఆరుకు బదులు ఏడు వెయ్యడు. నాలుగు టన్నులు పట్టాల్సిన ఇంట్లో 200 కిలోల ఉక్కు లోపలికి వెళ్లకుండానే పని పూర్తవుతుంది. ఇంజినీరు గీసిన బొమ్మ ప్రకారమే అంతా కట్టినట్టు కనబడుతుంది. చదరపు అడుగుకు ఇంత అని మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు ఇచ్చిన ఇంట్లో అయితే ఆ మిగులు కూడా యజమానిది కాదు.

'సేఫ్టీ ఫ్యాక్టర్ ఉంది కదా' అని తేలిగ్గా తీసుకునే ఇంజినీర్లూ ఉన్నారు. ఉంది. ఐఎస్ 456 ప్రకారం ఉక్కు బలాన్ని 1.15తో భాగించి డిజైన్ చేస్తారు. కానీ ఆ జాగా ఖాళీగా పడిలేదు. రాడ్డు ఉండాల్సిన ఎత్తులో కాక కొంచెం కిందకు జారడం, గ్రేడులో హెచ్చుతగ్గులు, కొలతల్లో చిన్న చిన్న తేడాలు, వీటన్నిటికీ కలిపి ఇచ్చిన జాగా అది. మిల్లువాడు కొంత, కాంట్రాక్టరు కొంత, సెంట్రింగ్‌వాడు కొంత, ఎవరికి వారు అది తమకోసమే ఉందనుకుంటే చివరికి మిగిలేదేమీ ఉండదు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది లావు రాడ్ల గురించి కూడా కాదు, రింగుల గురించి. పిల్లరు నిలువు రాడ్ల చుట్టూ చుట్టే రింగులు మామూలుగా 8 ఎం.ఎం.వి. భూకంపం వచ్చి పిల్లరు అటూ ఇటూ ఊగినప్పుడు లోపలి కాంక్రీటు పగిలి బయటకు తోసుకురాకుండా, నిలువు రాడ్లు వంగిపోకుండా పట్టి ఉంచేవి అవే. అందుకే ఐఎస్ 13920 రింగు కొక్కేన్ని 135 డిగ్రీలు లోపలికి వంచమంటుంది. ప్రమాణంలో బరువు మినహాయింపు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఈ సన్న రాడ్లకే. సన్న రాడ్డులో కొద్దిగా తగ్గించినా శాతం ఎక్కువ అవుతుంది. 8 ఎం.ఎం. రాడ్డు అర మిల్లీమీటరు తగ్గితే పోయేది 12 శాతం, అది ప్రమాణం హద్దు దాటిపోయినట్టే. అయినా తూచేటప్పుడు అందరూ 16, 20 ఎం.ఎం. కట్టల వైపే చూస్తారు, వాటి ఖరీదు ఎక్కువ కనుక.

తూచడం ఎలా? స్టీలు దిగిన రోజే, ప్రతి సైజు నుంచి మూడు వేర్వేరు కట్టల్లో ఒక్కో రాడ్డు చివర మీటరు ముక్క కోయించండి. ఆ ముక్కలు వృథా కావు, ఎక్కడో ఒకచోట పనికొస్తాయి. కోత అడ్డంగా, తిన్నగా ఉండాలి. కట్టరుతో నొక్కి తెంపితే చివర చితికిపోతుంది, రంపపు బ్లేడుతోనో, కోత చక్రంతోనో కోస్తే నయం. కచ్చితంగా మీటరే ఉండనక్కర్లేదు, ఎంత ఉందో మిల్లీమీటరు దాకా కొలిస్తే చాలు. మట్టి, తుప్పు వైరు బ్రష్షుతో దులపండి. తుప్పు గురించి ఒక మాట. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను, తేమను కలుపుకుని తుప్పుగా మారుతుంది కనుక తుప్పు బరువు తిన్న ఇనుము కన్నా ఎక్కువ. దులపకుండా తూస్తే, బలం తగ్గిన రాడ్డు కాటా మీద బలంగా కనబడుతుంది.

తూకానికి ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది. మనుషులు ఎక్కి తూచుకునేది మాత్రం పనికిరాదు, కిలో బరువు దగ్గర దాన్ని నమ్మలేం. రావాల్సిన అంకెలు ఇవి: 8 ఎం.ఎం.కు మీటరు 395 గ్రాములు, 10కి 617, 12కు 888, 16కు 1,580, 20కి 2,470. పొడవులో ఐదు మిల్లీమీటర్లు తప్పినా వచ్చే పొరపాటు అర శాతమే, కనుక మన వంటింటి కొలత ఈ ప్రశ్నకు చాలినంత నమ్మకమైనదే. మూడు ముక్కల సగటు చూడండి. 8 ఎం.ఎం. ముక్క 363 గ్రాముల కన్నా తగ్గినా, 12 ఎం.ఎం. ముక్క 835 కన్నా తగ్గినా ఆ లోడు వెనక్కి పంపడానికి మీ దగ్గర కారణం ఉన్నట్టే.

ఈ పరీక్షకు హద్దులున్నాయి, వాటిని దాచడం తగదు. సాంద్రత అన్ని గ్రేడుల ఉక్కుకూ దాదాపు ఒకటే. కాబట్టి తూకం వైశాల్యాన్ని చెబుతుంది కానీ, అది ఎఫ్‌ఈ 415నో ఎఫ్‌ఈ 550నో చెప్పదు. సాగే గుణం ఎంతో, గంధకం, భాస్వరం ఎంత ఉన్నాయో చెప్పదు. తూకం సరిగ్గా ఉన్న పెళుసు రాడ్డు కూడా ఉండొచ్చు. దానికి వంచి చూసే పరీక్ష, లాగి చూసే పరీక్ష, మిల్లు ఇచ్చే టెస్టు సర్టిఫికెట్ కావాలి. రాడ్డు మీద ఐఎస్‌ఐ ముద్ర, తయారీదారు గుర్తు, గ్రేడు అచ్చై ఉన్నాయో లేదో చూడాలి. అయితే వైశాల్యమే తక్కువ ఉన్న రాడ్డుకు మిగతా పరీక్షలు ఎంత బాగా వచ్చినా ఆ లోటు పూడదు. అందుకే ముందు తూకం.

ఇదంతా ఇంటి యజమాని నెత్తిన వేసి ఊరుకోవడం కూడా సరికాదు. కొట్టు బిల్లులో ఇప్పుడు సాధారణంగా సైజు, కిలోలు, ధర ఉంటాయి. రాడ్ల సంఖ్య, ఒక్కో రాడ్డు పొడవు కూడా రాయాలి. ఆ రెండు అంకెలు చేరితే మీటరుకు ఎంత బరువో ఎవరైనా భాగించుకోవచ్చు. రాడ్ల లెక్కన అమ్మేవాళ్లు కిలోలు రాయకపోవడం, కిలోల లెక్కన అమ్మేవాళ్లు రాడ్ల సంఖ్య రాయకపోవడం చూస్తే, పోల్చడానికి వీలు లేకుండా చేసినట్టే ఉంటుంది. కొట్టు కాటాకు ముద్ర వేయించే తూనికలు కొలతల శాఖ, ఈ రెండు అంకెలూ బిల్లులో ఉండాలని అడిగితే ఖర్చేమీ కాదు.

ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఈ సూత్రాన్ని పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా అడుగుతున్నారు. దాని బదులు ప్రతి విద్యార్థికీ ఒక గుర్తు తెలియని రాడ్డు ముక్క, ఒక టేపు, ఒక కాటా ఇచ్చి, 'ఇది ఎన్ని ఎం.ఎం.? ప్రమాణం ప్రకారం పాసా, ఫెయిలా?' అని అడగాలి. హైస్కూల్లో స్తూపం ఘనపరిమాణం, సాంద్రత చెప్పే రోజున కూడా ఇదే చేయించవచ్చు. ఊళ్లో ఎక్కడో ఒకచోట స్లాబు పని నడుస్తూనే ఉంటుంది, ముక్కలకు కొదవ ఉండదు.

ఇదంతా కాంక్రీటు పోయక ముందే జరగాలి. పోసిన తర్వాత రాడ్డు ఎక్కడుందో కనిపెట్టే పరికరాలున్నాయి. కానీ లోపల ఉన్నది 12 ఎం.ఎం.నో, పదకొండున్నరో అవి నమ్మకంగా తేల్చలేవు. తేల్చాలంటే కాంక్రీటు చెక్కి, రాడ్డు ముక్క కోసి బయటకు తీసి, మళ్లీ కాటా మీదే పెట్టాలి.